పాత సిలబస్ గైడ్లు, అక్క పదో తరగతి

మా చిన్నప్పుడు... గూడూరు నిమ్మకాయల మార్కెట్టు పక్క సందులో, గైడ్ల కొట్టు ముందు ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. అప్పుడు నాది ఆరో తరగతి. చేతిలో అక్క రాసిచ్చిన చీటీ... "పదో తరగతి గైడ్లు, అన్ని సబ్జెక్టులు" అని.

నాన్న మార్కెట్టులో బేరంలో ఉన్నాడు. "నాకేం తెలుస్తాయమ్మే ఆ పుస్తకాలు? చదువుకునేదానివి, నువ్వే చూసి తీసుకో" అని నన్ను పంపించాడు. ఎంత పొంగిపోయానో!

చిల్లకూరు దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. ఆ ఏడాది అమ్మ వడ్ల బస్తా జరపబోయి నడుము పట్టేసి మంచం ఎక్కింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా... తొమ్మిదో తరగతితో అక్కను బడి మాన్పించారు.

అక్క ఏడవలేదు, అలగలేదు. క్యాలెండరు కాగితం వెనక స్కేలు పెట్టి గీతలు గీసి, ఇంట్లోనే చదివి ప్రైవేటుగా పరీక్ష కట్టే ప్లాను వేసుకుంది. అన్నం ఉడికేలోపు లెక్కలు, అమ్మ నడుముకు కాపడం పెడుతూ తెలుగు పద్యాలు, అంట్లు తోమాక సాంఘికం... పది పాసైతే నర్సు ట్రైనింగ్‌కు పంపిస్తానని నాన్న మాటిచ్చాడు. అక్కకు ఆ మాట చాలు. ఆ కాగితాన్ని వంటింటి తలుపు వెనక అతికించుకుంది.

సరే, కొట్టాయన అడిగాడు... "పాత సిలబస్సా పాపా, కొత్తదా?"

సిలబస్ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ! వరి పండించే ఇల్లు మాది. మా ఇంట్లో పాతవంటేనే గొప్ప. పాత మొలగొలుకుల బియ్యమైతే అన్నం పువ్వులా విడివడుతుంది. కొత్త బియ్యమైతే ముద్దవుతుంది, పిల్లలకు కడుపునొప్పి. చుట్టాలొస్తే అమ్మ పాత బియ్యమే తీసేది.

"పాతదే ఇవ్వండి" అన్నాను, బియ్యం కొట్లో అమ్మ అన్నంత ధీమాగా.

ఆయన ఒకసారి నా మొహం చూసి, అటక మీద నుంచి దించి, దుమ్ము దులిపి ఇచ్చాడు.

అక్క వాటికి న్యూస్‌పేపరు అట్టలు వేసుకుంది. ఇంటికి ఎవరొచ్చినా ఒకటే మాట... "మా చెల్లెలే ఎంచి తెచ్చింది." నేను పక్కన నిలబడి మురిసిపోయేదాన్ని.

ఇంతవరకైతే చిన్నపిల్ల చేసిన తప్పే. చెప్పుకుని నవ్వుకోవచ్చు కూడా. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

సంక్రాంతి సెలవులకు ముందు, బళ్ళో సాంఘికం సారు నన్ను పిలిచి అడిగారు. "మీ అక్క ఇంటికాడ చదవతా ఉందంట కదా. పదో తరగతి పాఠాలు ఈ ఏడు మారిపోయినాయి. కొత్తవే కొన్నారా?"

"కొత్తవే సార్" అన్నాను.

ఎందుకలా అన్నానో ఎన్నిసార్లు తవ్వుకున్నా ఒకటే తేలుతుంది. ఆ "మా చెల్లెలే ఎంచి తెచ్చింది" అన్న మాట పోతుందని భయం. అంతే. ఇంటికెళ్ళేసరికి అక్క పొయ్యి ముందు కూర్చుని, మారిపోయిన పాఠాన్ని కళ్ళు మూసుకుని వల్లిస్తోంది. నోరు విప్పడానికి, పరీక్షల లోపు ఇంకా రెండు నెలలు టైముంది. రోజూ రేపు చెబుదామనుకున్నాను...

పరీక్షల్లో సాంఘికం, సైన్సు... రెండూ పోయాయి.

"నేనే సరిగ్గా చదవలా నాన్నా" అంది అక్క. "ఇంక చాల్లేమ్మా" అన్నాడు నాన్న. అక్కడితో నర్సు ట్రైనింగ్ మాటే లేదు. ఆ గైడ్ల కాగితాల్లో మా ఇంట్లో చాలాకాలం పోపుగింజలు పొట్లాలు కట్టుకున్నారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా అమ్మాయి ఎనిమిదితో బడి మానేసింది. ఎవరూ మాన్పించలేదు, తనే అడిగింది. ఇంటర్ దాకా ఇంట్లోనే చదివి ఓపెన్ స్కూల్లో పరీక్షలు కడుతుందట. నాలుగేళ్ళకు సరిపడా ప్లాను వెయ్యాలి. ఏ ఏడు ఏం చదవాలి, ఏ గైడు మంచిది... పోయిన వారం పుస్తకాల కోసం గూడూరు వెళ్ళాను. అక్క ఇప్పుడు అక్కడే కుట్టుమిషను పెట్టుకుని ఉంటోంది. తోడొస్తానంది.

కొట్లో నేను రంగురంగుల అట్టలు తిరగేస్తున్నాను. అక్క మాత్రం ప్రతి పుస్తకం మొదటి పేజీ తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, ఏ సంవత్సరం అచ్చో చూస్తోంది. "ఇది కొత్త సిలబస్సేనా అన్నా? బాగా చూసి చెప్పు, బిడ్డ బతుకు" అని కొట్టాయన్ని అడిగింది.

నా చేతిలో పుస్తకం పక్కన పెట్టేశాను. "నీకు... తెలుసా అక్కా?"

"పరీక్ష హాల్లోనే తెలిసింది లేమ్మే. సాంఘికం పేపర్లో ఒక్క ప్రశ్నా నేను చదివింది గాదు" అని నవ్వింది. "నాన్నకు చెప్తే నిన్ను కొడతాడని చెప్పలా. చిన్నపిల్లవి, నీకేం తెలుసు అప్పుడు?"

నాకు తెలుసు. సంక్రాంతికి ముందే తెలుసు. ఆ కొట్లోనూ చెప్పలేదు, ఆటోలోనూ చెప్పలేదు. అక్క పెట్టిన అన్నం తిని, చెప్పకుండానే బస్సెక్కేశాను.

ఇప్పుడు మా అమ్మాయి గోడకు రంగురంగుల చార్టు అతికించుకుంది. ఇంట్లో చదవడం దానికి ఇష్టం... అక్కకు వేరే దారి లేదు. దాని చార్టు చూసినప్పుడల్లా నాకు వంటింటి తలుపు వెనక ఆ క్యాలెండరు కాగితమే కనిపిస్తోంది.

మీ ఇళ్ళల్లోనూ పొయ్యి దగ్గర చదివి పరీక్ష కట్టిన అక్కలుంటే వాళ్ళ గురించి రాయండి, చదువుతాను. మా అక్క కూడా రోజూ మిషను కట్టేశాక ఫోనులో మన గ్రూపులో రాసినవన్నీ చదువుతుంది...

అక్కా, నాకు అప్పుడే తెలుసు. తిట్టడానికైనా సరే, ఒక్కసారి ఫోన్ చెయ్యి.