ఎదురు తోసిన హ్యాండిలు

1999 దసరా నాటికి పుంగనూరు పక్క పల్లెల్లో వాన జాడ లేదు. ఇంకో రెండు రోజులు నీళ్లు అందకపోతే, ముందటి వానలకు నాటిన లక్ష్మీదేవమ్మ టమోటా తోట పొయ్యిలోకి పుల్లలే. బావిలో నీళ్లున్నాయి. తోడాల్సిన డీసెల్ ఇంజినే అలిగి కూర్చుంది.

భర్త గంగులప్ప పోయాక ఏడాదిపాటు దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. మొన్న ఆయుధపూజకు ఆమే కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూలతో పెళ్లికూతుర్ని చేసింది. ఈరోజు డీసెలు పోసి మొదటిసారి హ్యాండిలు పట్టింది. అది సగం తిరిగి ఆమెనే వెనక్కి తోసింది.

మరిది సిద్దప్ప చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పుంగనూరులో బట్టలంగడి ఆయనది.

“తుప్పు పట్టి బిగుసుకోనుండాది వదినా. మదనపల్లె షెడ్డుకి ఎత్తకపోవాల్సిందే. పది దినాలు పడతాది.”

“పది దినాలైతే టమోటాలు నీ అంగట్లో చీరల మీదే సూడాల.”

పంపు పట్టేసిందేమోనని, దాన్ని ఇంజినుతో కలిపే బెల్టు ఊడదీసింది. పంపు చక్రం ఒంటి వేలికే తిరిగింది. అయితే జబ్బు ఇంజినులోనే. ఈసారి హ్యాండిలు మెల్లగా నెట్టింది. సగందాకా వచ్చి, గాలి నిండిన బంతిని నొక్కినట్టు ఎదురొత్తింది.

“బిగుసుకున్నది కదలకూడదు గదప్పా. ఇది నన్ను తోస్తాండాది. లోపల గాలికి దోవ లేదు.”

“డాక్టరమ్మ చెప్పినాక ఇంకేముండాది.”

ఆమె కళ్లు మూసుకుని గంగులప్పను తలుచుకుంది. కుడిచేయి హ్యాండిలు మీద. మరి ఎడమచేయి? ఇంజిను తల మీద. ఎద్దును నిమురుతున్నట్టుండేది. “నా తల ఎప్పుడన్నా అట్ల నిమిరినావా?” అని ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో.

కళ్లు తెరిస్తే ఆ చోట బంతిపూలు. పూల కింద చిన్న లీవరు. పూజనాడు అది ఊగుతుంటే వదులైపోయిందనుకుని, పసుపుదారం ఏడు చుట్లు చుట్టి బిగించింది తనే.

దారం పళ్లతో కొరికింది. లీవరు ఎత్తగానే లోపలి గాలికి దోవ దొరికి, హ్యాండిలు రంగులరాట్నంలా తిరిగింది. వేగం అందుకున్నాక లీవరు వదిలింది. ఇంజిను రెండుసార్లు దగ్గి, డుగుడుగుమంది. ఆపి, బెల్టు తగిలించి, మళ్లీ తిప్పింది. కాలువలోకి నీళ్లొచ్చాయి.

“ఎవురు నేర్పించినారు వదినా?”

“మీయన్నే. ఆ పొద్దు నవ్వినాను, ఈ పొద్దు నేర్సుకున్నాను. సూస్తా నిలబడుకుంటే ఎట్ల? పార తీసుకో, నీళ్లు తోట దాటి పోతాండాయి.”

సిద్దప్ప ఇస్త్రీ పంచె ఎగగట్టాడు.