భాగ్యక్క పేరు చెప్పని రోజు

మా చిన్నప్పుడు నేను అక్షరాలు నేర్చుకున్నది నల్లబల్ల మీద కాదు... క్లాసు వెనక, నేలమీద.

నగర్తపేటలో సర్కారు బడి. మూడో తరగతిలో ఎనభై మందిమి, ఒకే మిస్సు. ముందు వరుసల వాళ్లకు పాఠం, వెనక ఉన్న మాకు గోల. పైగా నాలాంటివాళ్లకు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. మిస్సు చెప్పేది సగం వినపడేది కాదు, వినపడింది అర్థమయ్యేది కాదు.

అలాంటప్పుడు వచ్చింది భాగ్యక్క. పక్క వీధి అమ్మాయి, పీయూసీ చదివింది. మిస్సుకు సాయంగా ఉంటానని తనే అడిగి చేరింది. వెనక వరుస పిల్లలం పదిహేను మందిని చుట్టూ కూర్చోబెట్టుకుని, సుద్దముక్కతో నేలమీద రాసి, కన్నడ పాఠాన్ని తెలుగులో విడమరిచి చెప్పేది. తప్పు రాస్తే కసురుకునేది కాదు. "తుడిచేస్తే అయిపాయె, మళ్లా రాయప్పా" అనేది. ఆడపిల్లలమైనా మేమంతా ఆమెకు "అప్పా"లమే...

ఆ ఏడాదే నేను మొదటిసారి ఒక పాఠం మొత్తం తడబడకుండా చదివాను.

ఒకరోజు పెద్ద ఆఫీసరు వస్తున్నాడన్నారు. ముందురోజు మిస్సు మా వెనక వరుసకు వచ్చి, ఎన్నడూ లేనంత ప్రేమగా చెప్పింది... భాగ్యక్క పేరు ఎత్తొద్దని, ఎత్తితే ఆమెను పంపించేస్తారని. ఆమె మాకు కావాలి. అందుకే దేవుడి మీద ఒట్టు కూడా వేశాం.

మర్నాడు పొద్దున్నే ఆ నేలమీది అక్షరాలను భాగ్యక్కే తడిగుడ్డతో తుడిచింది. మిస్సు ఆమెను వరండాలో నీళ్ల కుండ దగ్గర నిలబెట్టింది.

ఆఫీసరు నన్నే లేపి చదవమన్నాడు. గడగడా చదివేశాను. ఎవరు నేర్పించారమ్మా అని మెచ్చుకోలుగా అడిగాడు. కిటికీలోంచి భాగ్యక్క నా వైపే చూస్తోంది. "మిస్సు" అన్నాను. ఇంకో ముగ్గుర్ని అడిగినా అదే మాట. భాగ్యక్కను కాపాడేశామని నాకెంత గర్వమో!

సాయంత్రం అమ్మకు గొప్పగా చెప్పాను. బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టేసింది.

"అయ్యో పాపా! భాగ్యని బళ్లోనే పెట్టమని మేమంతా అర్జీ ఇచ్చుండాము కదే... ఆయప్ప వచ్చింది అది చూసేకే!"

ఒక్క మిస్సే ఎనభై మందికీ ఇంత బాగా చెబుతుంటే ఇంకొకరెందుకని రాసిపోయాడట ఆఫీసరు. మిస్సుకు శాలువా కప్పారు. భాగ్యక్కను సోమవారం నుంచి రావద్దన్నారు. మాలో ఇద్దరు ఆ ఏడే బడి మానేశారు.

అర్జీ సంగతి మిస్సుకు ముందే తెలుసు. తెలిసే మాతో ఒట్టు వేయించుకుంది. ఎనిమిదేళ్ల పిల్లలం... భాగ్యక్క మీద మాకున్న ప్రేమతోనే ఆమెను గెంటించింది. ఇన్నేళ్లయినా నా కడుపుమంట చల్లారలేదు.

తర్వాత భాగ్యక్క వీధిలో ఎదురైతే నవ్వేది. నేనే తల దించుకుని పోయేదాన్ని. ఒట్టు సంగతి చెప్పేలోపే వాళ్లు ఇల్లు మారిపోయారు.

మొన్న వర్తూరులో ఒక సర్కారు బడికి వెళ్లాను. గోడకు పెద్ద తెర ఉంది, ప్రొజెక్టరు ఉంది... టీచరు మాత్రం ఒక్కరే. వెనక వరుసలో ఒక పాప పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చుంది. సాయానికి ఎవరూ లేరా అని అడిగితే, "ఎట్లో మేనేజ్ చేస్తా ఉండాము మేడం" అన్నారు.

మీకూ ఇలా నేర్పించి, ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా పోయినవాళ్లు ఉంటే కింద రాయండి. ఆ రోజు ఆఫీసరు అడిగినదానికి నా జవాబు ముందు నేను రాస్తున్నా...

నాకు చదవడం నేర్పింది భాగ్యక్క.