నా పేరున్న మామిడి చెట్టు కోసం

శనివారం ఉదయం ఏడున్నరకి ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఈ-రిక్షా ఎక్కాం, అమ్మా నేనూ. అమ్మ ఒళ్లో గుడ్డ సంచి, అందులో ఫ్లాస్కు, ఉప్మా డబ్బా, ఒక పాత కార్డు ఉన్నాయి. నవంబరు చివరి పొగమంచులో ఎదుటి టవర్లు సగమే కనిపిస్తున్నాయి. మేం వెళ్తున్నది వసంత్ కుంజ్‌కి, నా మామిడి చెట్టుని చూడటానికి.

ఆ చెట్టు సంగతి ముందు చెప్పాలి. నా చిన్నప్పుడు ఒక మామిడి రసం కంపెనీ వాళ్లు, ఇరవై సీసా మూతలు పంపితే మీ పిల్లల పేరు మీద ఢిల్లీలో మొక్క నాటుతామన్నారు. అమ్మ కాన్పుల వార్డులో నర్సు. నాన్న అదే ఆస్పత్రి ల్యాబులో పనిచేసేవారు. క్యాంటీన్‌లో జనం పడేసిన మూతలు నాన్న ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి పంపించారు. కొన్నాళ్లకి కార్డు వచ్చింది: బేబీ కరుణ పేరు మీద ఒక మొక్క, వసంత్ కుంజ్ పార్కు, గోడ వైపు వరస. అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి బైబిలు వాక్యాల క్యాలెండర్ పక్కన తగిలించింది. మేమున్న క్వార్టర్సు ఆస్పత్రిది, ఇంట్లో ఫ్రిజ్ అద్దెది. ఈ ఊళ్లో మా పేరు మీద ఉన్నదల్లా ఆ చెట్టొక్కటే.

ఆ ఏడు మా తెలుగు సంఘంలో కోత పండుగ వచ్చింది. సొంతూళ్లో పొలాలున్నవాళ్లు కొత్త బియ్యం, కొబ్బరికాయలు తెప్పించి ప్రథమ ఫలాలుగా చర్చిలో బల్ల మీద పెట్టారు. మేం మండీలో కొన్న కాలీఫ్లవర్ పెట్టాం. నాకది చిన్నతనంగా అనిపించి లేచి నిలబడి, "మా చెట్టు మొదటి మామిడికాయలు దేవుడికే ఇస్తాం" అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచి మా సంఘంలోని ఎస్తేరు ఆంటీ కనిపించినప్పుడల్లా, "ఏమ్మా, మీ తోట కాపుకొచ్చిందా?" అని ఆటపట్టించేది. అమ్మ డ్యూటీలు, నా చదువు, పెళ్లి, తర్వాత నాన్న పోవడం. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఇన్నేళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు అమ్మ ఢిల్లీ వదిలేసి కాకినాడలో పిన్ని దగ్గరికి వెళ్లిపోతోంది. రేపటి కోత పండుగ ఆవిడకి ఇక్కడ ఆఖరిది.

"మొక్కుకున్నది ఇవ్వకుండా ఊరు దాటకూడదే," అంది.

"నవంబరులో మామిడికాయలు ఎక్కడివమ్మా?"

"కాయల్లేకపోతే నాలుగు ఆకులైనా పెడదాం. ముందు పద."

సెక్టార్ 62లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి, బొటానికల్ గార్డెన్‌లో దిగి మెజెంటా లైన్‌కి మారాం. శనివారం కాబట్టి సీటు దొరికింది. ఆఫీసు రోజుల్లో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ఈ సాహసం చెయ్యకండి.

"తెలుగోళ్లా ఆంటీ మీరు?" అన్నాడు పక్క సీట్లో కుర్రాడు. కరీంనగర్ అట, మునిర్కాలో గది తీసుకుని సివిల్స్ చదువుతున్నాడు. అమ్మ ఆగకుండా కార్డు తీసి చూపించింది.

"మీకు ఢిల్లీల చెట్టే ఉందా ఆంటీ? నా పేరు మీద గ్యాస్ కనెక్షన్ సుత లేదు."

"పాసైతే బంగళాయే ఇస్తార్లే నాన్నా," అంటూ అమ్మ డబ్బా మూత తియ్యబోయింది. మెట్రోలో తినకూడదని గుర్తుచేస్తే డబ్బానే అతని చేతిలో పెట్టేసింది. మా టిఫిను అలా మునిర్కాలో దిగిపోయింది.

తొమ్మిది దాటాక వసంత్ విహార్ స్టేషన్‌లో బయటికొచ్చి, బండి దగ్గర బ్రెడ్ ఆమ్లెట్ తిన్నాం. వసంత్ కుంజ్‌కి ఆటో అతను రెండొందలన్నాడు, అమ్మ నూట ఇరవైకి దింపింది. పార్కు వెతకడం కష్టం కాలేదు. గోడ వైపు వరస కూడా ఉంది. తెల్లని మానులతో ఎత్తుగా, బారుగా నిలబడ్డాయి. ఒక్కటీ మామిడి కాదు.

మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక అంకుల్ ఒక మానుని తడుముతున్నారు. మామిడి చెట్లు ఎటని అడిగితే నవ్వారు.

"ఆమ్? యే తో సబ్ అర్జున్ హై బేటా. దిల్ కే లియే అచ్ఛా హోతా హై."

అర్జున్ అంటే మన తెల్లమద్ది. గుండెకి మంచిదని చేతికందినంత మేర బెరడు చెక్కుకుపోయారు జనం. అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "గోలీ భీ టైమ్ పే ఖాతే హో న?" అని వార్డు గొంతుతో అడిగింది. మాత్రలు కూడా వేళకి వేసుకుంటున్నానని ఆయన బుద్ధిగా తలూపారు.

నేను బెంచీ మీద కూలబడ్డాను. మామిడి మొక్క అని కార్డులో ఎక్కడా లేదు. సీసా మీది బొమ్మ చూసి నేనే అనేసుకున్నాను. నాన్న ప్రతి వేసవిలోనూ బజారు పండు కోస్తూ, "మన చెట్టు కాయ ఇంతకంటే తీపుంటుంది చూడు" అనేవారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపు ఆగలేదు. ఇంతకీ వాటిలో నాది ఏదో కూడా తెలియదు, పేర్ల పలకలు ఎప్పుడో పోయాయి.

"పోనీ, ఈ లావుపాటిది నాదనుకుందాం," అన్నాను కళ్లు తుడుచుకుని.

"అనుకోడమేంటే? ట్యాగ్ ఊడిపోయిన బిడ్డని చూపించి, ఇదే మీ బిడ్డనుకోండి అని ఎప్పుడైనా ఇచ్చానా నేను?" అంది అమ్మ.

చెట్ల కింద అయిదు రెక్కల కాయలు రాలి ఉన్నాయి, కర్రముక్కల్లా గట్టిగా. అమ్మ కొంగు దోపుకుని వరస మొదట్నుంచి బయల్దేరింది. ఒక్కో చెట్టు కింద ఒక్కో కాయ. కింద దొరకనిచోట అంకుల్ చేతికర్రతో కొమ్మ వంచారు. నేను సంచి తెరిచి పట్టుకుని వెనకే నడిచాను. వరస చివరికి వచ్చేసరికి ఎండ వచ్చింది.

"వీటిల్లో ఒకటి నీది," అంది అమ్మ, నడుం నిమురుకుంటూ. "ఇందులో పొరపాటే లేదు."

"మిగతావి?"

"మిగతా పిల్లలవి. వాళ్ల తరఫున కూడా మనమే పెట్టేద్దాం. వాళ్లకి మాత్రం తీరికేదీ?"

తిరుగు దారిలో మునిర్కా వచ్చినప్పుడు అమ్మ తలుపు వైపు చూసింది, ఉప్మా కుర్రాడు ఎక్కుతాడేమోనని. నేను రేపు ఎస్తేరు ఆంటీకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఇలాంటి కార్డు మీ ఇంట్లోనూ ఉంటే ఒకసారి వెళ్లి రండి. అనుకున్న చెట్టు కాకపోవచ్చు. కానీ పెరిగి ఉంది, నాన్న కడిగిన మూతల చెట్టు ఆ వరసలో ఎక్కడో ఉంది. నాకు ఆ తృప్తి చాలు.

సెక్టార్ 62లో మళ్లీ ఈ-రిక్షా ఎక్కాం. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరితే సంచి జారబోయింది. అమ్మ రెండు చేతులా పట్టుకుని నా ఒళ్లో పెట్టింది.

"గట్టిగా పట్టుకోవే. నీది ఏదో తెలీదు కదా, ఒక్కటి కూడా పడిపోకూడదు."