గుండెకు కట్టిన గజ్జెలు

కొత్తగా చదువొచ్చిన ఆ రోజుల్లో ఏది కంటపడినా పైకి చదివేదాన్ని. బస్సు బోర్డు, సబ్బు కాగితం, గోడ మీద రాతలు, దేన్నీ వదల్లేదు. నలభై ఎనిమిదేళ్లకు అక్షరాలు దిద్దినదాన్ని, ఆ మాత్రం మిడిసిపాటు ఉండదా? అయితే సొంతంగా రాసిన మొదటి పెద్ద రాత మాత్రం నా వీలునామా.

ఎల్లారెడ్డిలో గుండె పరీక్షలు చేస్తున్నారంటే మా లింగంపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్లమంతా వెళ్లాం. అక్కడి నర్సమ్మ ఫోనుకు తగిలించిన గుండ్రటి బిళ్ల పట్టుకుని, "మెడల ఉన్నయన్నీ తియ్యమ్మా" అంది. మొగుడు ఉండగా పుస్తెలతాడు ఎలా తీస్తాను? అటు తిరిగి జాకెట్టులోకి దోపుకుని, "తీసిన బిడ్డా" అన్నాను. (అబద్ధమే, కానీ అప్పటికి చిన్నదిగానే అనిపించింది.) ఆమె జాకెట్టు మీదే బిళ్ల ఆనించింది. ఫోనులో గీతలు లేచాయి, పడ్డాయి, చివరికి ఎర్రక్షరాలు వచ్చాయి. చదువొచ్చు కదా, నేనే పైకి చదివాను: "అదనపు శబ్దం ఉంది. డాక్టరును కలవండి."

ఇక ఎన్నాళ్లో ఉండననుకుని, ఇంటికొచ్చి వీలునామాకు కాగితం తీశాను. ముక్కుపుడక చిన్న కోడలికి, బీడీల చాట పెద్ద కోడలికి (ఆమెకూ నాకూ అప్పుడు మాటల్లేవు). మా ఆయనకు ఏమివ్వాలో తోచలేదు. "ఆయనకు చాయ్ రెండోసారి వేడి చేసి ఇయ్యండి, ఎప్పుడూ చల్లార్చుకుంటడు" అని రాసి, ఏడ్చి, పెట్టెలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు ఆయనా నేనూ కామారెడ్డి వెళ్లాం. డాక్టరమ్మ కూడా అలాంటి బిళ్లే ఆనించి, ఆ చప్పుడు పైకి వినపడేలా పెట్టింది. లబ్ డబ్, ఛిల్. లబ్ డబ్, ఛిల్. మా ఆయన మొహం వాడిపోయింది.

"ఏందమ్మా, గుండెకు గజ్జెలు కట్టినవా?" అంటూ ఆమె నా మెడ వైపు చూసింది. ఇక తప్పక బయటికి లాగాను: పుస్తెలు, ఆరు పిన్నీసులు, పెట్టె తాళంచెవి.

డాక్టరమ్మ నవ్వాపుకుని, "ఈ ఫోను చప్పుడును చెరుగుతదమ్మా. మాటలు, ఫ్యాను మోత పొట్టు లెక్క ఎగిరిపోతయి. నీ పిన్నీసులేమో గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగినయి. వాటిని గూడ గింజలే అనుకున్నది" అంది.

అయినా తాడు తీయడానికి చెయ్యి రాలేదు. మా ఆయనే చెయ్యి చాపాడు. "ఇటియ్యవే. కట్టిందే నేను, ఐదు నిమిషాలు నా దగ్గరుంటే ఏమైతది?"

ఈసారి లబ్ డబ్ ఒక్కటే వినిపించింది. ఎర్రక్షరాలు రాలేదు.

బస్సులో మళ్లీ నా మెడలోకి చేరిన తాళంచెవి వైపు చూపించి, "గింత భద్రంగ దాసినవ్, పెట్టెల ఏమున్నదే?" అని అడిగాడు.

"ఏం లేదు, కోడండ్ల ముచ్చట" అన్నాను.

ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది. ఆయన ఇప్పటికీ చాయ్ చల్లార్చుకుంటాడు. వంకర అక్షరాలతో ఆ కాగితం రాసిన అప్పటి నన్ను తలచుకుని నవ్వుకుంటూ, రెండోసారి వేడి చేసేది నేనే.