పలకల దుమ్ము, చాప మీద కసరత్తు

మార్కాపురంలో శివపార్వతి ఇరవై రెండేళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ దగ్గర పనిచేసింది. యాభై దాటేసరికి బిందెడు నీళ్లు ఎత్తినా ఆయాసం వచ్చేది. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందని, ఆ జబ్బు నయమయ్యేది కాదని చెప్పి డాక్టరు పని మాన్పించాడు. ఆమె చోట కోడలు సుమ పనిలో చేరింది.

ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేయించే రేచల్ ఆమెకు పిలాటీస్ అనే కసరత్తు నేర్పింది. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పక్కటెముకలు విచ్చుకునేలా ముక్కుతో గాలి పీల్చాలి. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదులుతూ పొట్ట లోపలికి లాగాలి. ఆ తర్వాత నడుము కొద్దిగా పైకి లేపాలి. పరాయివాళ్ల ముందు చీరతో నేల మీద పడుకోవడానికి శివపార్వతి మొదటి వారమంతా సిగ్గుపడింది. ఎనిమిది వారాలకు క్లాసులు అయిపోయాయి. ఇంటి దగ్గర ఆపితే వచ్చిన బలం పోతుందని రేచల్ చెప్పి పంపింది.

శివపార్వతి రెండు నెలలు చేసి మానేసింది. చలికాలంలో దగ్గు ముదిరి ఐదు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇంటికొచ్చాక గడప దాటడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. భయం వేసి మళ్లీ చాప పరిచింది.

ఒక సాయంత్రం పనినుంచి వచ్చిన సుమ ముఖం కడుక్కుంటూ ఆగకుండా దగ్గింది. శివపార్వతి మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని రేచల్ దగ్గరికి వెళ్లింది.

"నాకు నేర్పినట్ల దీనికి గూడా నేర్పు తల్లీ. నా మాదిరి కాకముందే."

రేచల్ ఉన్నమాటే చెప్పింది. "కసరత్తు దుమ్మును ఆపదు పెద్దమ్మా. ఆ దుమ్ములోంచి బయటికి రావాల్సిందే."

సుమ తల వంచుకుంది. వేరే పని దొరికేదాకా మానలేనంది.

శివపార్వతి ఒక్కరోజు కూడా కసరత్తు తప్పకుండా చేసింది. నెలన్నర తర్వాత, దారిలో మూడుచోట్ల ఆగుతూ, ఫ్యాక్టరీ దాకా నడిచింది. కోసేటప్పుడు రాయి మీద నీళ్లు పడుతుంటే దుమ్ము అంతగా లేవదని ఆమెకు తెలుసు.

"నా సంగతి అయిపోయింది నాయనా," అంది యజమానితో. "ఈ ఆడపిల్లలకన్నా నీళ్ల పైపు పెట్టించు."

అతను రెండు మిషన్లకు పెట్టించాడు. సుమది మూడోది. దానికి వచ్చే నెల అన్నాడు; ఆ నెలా గడిచిపోయింది. సుమ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని పనికి పోతూనే ఉంది. శివపార్వతి ప్రతి సోమవారం గేటు దాకా నడిచి, అడిగి వస్తోంది.