మామగారి నాలుక, నిద్రపోతున్న కొండ

ఆంజనేయప్రసాద్ గారు ఎదురైన మనిషిని పలకరించడం మరిచిపోతారేమో గానీ, ఎదురైన రాయిని నాకకుండా వదలరు.

అమెరికాలోని సన్నీవేల్‌లో కూతురింట దిగిన రోజే వంటగది గట్టును నాలుకతో పరీక్షించి, "బాబూ, గ్రానైట్ అని చెప్పి అంటగట్టారా? ఇది రాతిపొడీ జిగురూ కలిపి పోసిన అచ్చు!" అని తేల్చారు.

"మామయ్యగారూ, రెంట్ కట్టేది దాన్ని నాకడానికి కాదండీ," అన్నాడు అల్లుడు రవికాంత్.

ఆ వారంలోనే అపార్ట్‌మెంట్ల లీజింగ్ ఆఫీస్ ముందు అలంకారానికి పెట్టిన బండరాయి మీదికి వంగి మేనేజర్ కంటపడ్డారు. ప్రార్థన చేస్తున్నారని చెప్పి రవికాంత్ గండం గట్టెక్కాడు. ఆ మేనేజరమ్మ ఇప్పటికీ ఆ రాయి పక్కనుంచి భక్తిగా నడుస్తుంది.

"తడిస్తేనే రాయి అసలు రంగు తేలుతుంది. కంటికందని ఇసుక నాలుకకి తగులుతుంది. నా స్టూడెంట్స్‌కి ఇదే నేర్పాను," అనేవారు. నంద్యాల కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యారాయన.

"వాళ్లంతా ఇప్పుడేం చేస్తున్నారు నాన్నా?" అడిగింది కూతురు రాగిణి.

"సాఫ్ట్‌వేర్."

భార్య అనంతలక్ష్మి గారి బాధ వేరు. "పప్పులో ఉప్పుందో లేదో చెప్పమంటే తెల్లమొహం వేస్తారు. రాయి వయసు మాత్రం కోట్లతో సహా చెప్తారు!"

ఇంతా చేసి, ఉద్యోగమంతా బోర్డు మీద ఎర్రసుద్దతో అగ్నిపర్వతాలు గీసిన ఆ మనిషి ఒక్కదాన్నీ కళ్లారా చూడలేదు. ఆ మాట విని రాగిణి హవాయికి టికెట్లు బుక్ చేసింది. మావీ దీవిలో హాలియాకలా కొండెక్కడం, మధ్యాహ్నం భోజనమయ్యాక దాని కడుపులోకి దిగడం ప్లాన్. అనంతలక్ష్మి గారు హ్యాండ్‌బ్యాగ్‌లో ఆవకాయ పొట్లం పెట్టుకున్నారు. అది విమానంలోనే కారి బ్యాగ్ లోపలంతా ఎర్రబారింది.

కొండ మీద మబ్బులు కాళ్ల కిందున్నాయి. చలి గాలి కోస్తోంది. మామగారికి అవేవీ పట్టలేదు. "ఇది చచ్చిపోలేదు, నిద్రపోతోంది! కొన్ని వందల ఏళ్ల కిందట కూడా లేచింది! మెల్లగా మాట్లాడండి!" అని కొండ అదిరేలా అరిచారు.

"అరుస్తోంది మీరేనండీ," అన్నారు అనంతలక్ష్మి గారు.

"భూమి కింద పొయ్యి ఒక్కటే లక్ష్మీ! కదలదు. పైన పెనం జరుగుతుంటుంది. జరిగినప్పుడల్లా ఒక కొత్త దోసె, ఒక కొత్త దీవి! ఈ దోసె పొయ్యి మీద నుంచి పక్కకి జరిగింది. అందుకే కునుకు తీస్తోంది!" అంటూనే వంగి ఒక నల్లరాయిని నాకేశారు.

ఆ పార్కును కాపాడే రేంజర్ పరుగున వచ్చింది. "సర్, ఈ కొండ ఇక్కడివాళ్లకి పవిత్రం. రాళ్లని తాకొద్దు. ఇంకోసారి చూస్తే మిమ్మల్ని పంపించేస్తాను."

"సారీ మేడమ్. ఎక్సైట్‌మెంట్," అన్నారాయన, నాలుక మీది ఇసుకను చప్పరిస్తూ.

భోజనాలయ్యాయి. అనంతలక్ష్మి గారు బ్యాగ్ కార్‌లో పెట్టేసి వచ్చారు. లోపలికి దిగబోతుంటే రేంజర్ మళ్లీ వచ్చింది. వీళ్లలో ఎవరో రాయి తీసుకుంటుంటే ఒక టూరిస్ట్ చూశాడట. అందరి చూపులూ మామగారి మీద వాలాయి. అనంతలక్ష్మి గారు కూడా చూశారు, కాస్త ఆలస్యంగా.

లేదనడానికి నోరు తెరిచిన మామగారు భార్య మొహం చూసి ఆగారు. "నేనే మేడమ్. కార్‌లో ఉంది," అని తాళాలడిగి తీసుకుని వెళ్లొచ్చి, కోటు జేబులోంచి పిడికిలంత ఎర్రరాయి తీసి చూపించారు. స్పాంజిలా ఒళ్లంతా చిల్లులు.

"మామయ్యగారూ! నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉందండీ! కేసు పెడితే?" అన్నాడు రవికాంత్.

"తీసిన చోటే పెట్టేసి వెళ్లిపోండి," అంది రేంజర్. లోపలికి దిగడం ఇక లేనట్టే.

కాలిబాటలో మామగారు అటూ ఇటూ చూశారు. నంద్యాల రోడ్ల మీద నాకిన రాళ్ల అడ్రసులు కూడా గుర్తుండే మనిషికి, ఇందాక తీసిన రాయి చోటు గుర్తు రావడం లేదు. అలవాటుగా ఒకసారి నాకి, చటుక్కున మొహం తిప్పుకున్నారు.

"ఏం రుచండీ?" అడిగాడు వెంట వచ్చిన రవికాంత్.

"ఇనుము. తుప్పు పట్టిన ఇనుము. అందుకే ఆ ఎరుపు."

రవికాంత్‌కి ఎందుకో అనుమానం వచ్చింది. రాయి లాక్కుని, జీవితంలో మొదటిసారి తనూ నాకాడు.

ఆవకాయ!

"ఇది అత్తయ్యగారి బ్యాగ్‌లో..."

"గట్టిగా అనకు బాబూ! పాపం, మడమల పగుళ్లు. రుద్దుకోవడానికి ఇంత మంచి రాయి ఆవిడకి ఎక్కడా దొరకలేదు. అల్లుడి ముందు దొంగనిపించుకుంటే ఆవిడ మీ గడప తొక్కుతుందా? అదే నేనైతే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇన్నాళ్లు నాకింది ఇందుకైనా పనికొచ్చింది."

రాయి దించి లేచేసరికి మలుపు అవతల లోయంతా కనబడింది. ఎరుపు, నలుపు, బూడిద రంగుల్లో గుట్టలు గుట్టలు. మామగారు సంబరంగా రెండు చేతులూ పైకెత్తారు. వెనకే వచ్చిన రేంజర్‌ని చూసి భయపడాల్సింది పోయి, పాఠం మొదలెట్టారు. "మేడమ్! దిస్ బిగ్ హోల్, వాల్కెనో నాట్ మేడ్! రెయిన్ మేడ్! వాటర్ కట్టింగ్, కట్టింగ్, టూ వ్యాలీస్ జాయినింగ్! దెన్ ఓన్లీ దీస్ స్మాల్ హిల్స్!"

రేంజర్ నవ్వేసింది. "రోజూ ఇదే చెప్తాను. ఒక్కరూ నమ్మరు." లోయవైపు చెయ్యి చూపించింది. "నాతో దిగండి. చేతులు జేబుల్లో, నాలుక నోట్లో ఉండాలి."

ఆయన చిన్నపిల్లాడిలా జేబుల్లో చేతులు దూర్చి ఆమె వెంట పడ్డారు.

తిరుగు ప్రయాణమంతా అనంతలక్ష్మి గారు గొణుగుతూనే ఉన్నారు. "ఈయన నాలుకతో పరువంతా పోయింది." మామగారు కిటికీలోంచి కొండను చూస్తూ ఊఁ కొట్టారు.

సన్నీవేల్ చేరాక రవికాంత్ షాపులో మడమలు రుద్దుకునే రాయి ఒకటి కొని, ఎవరికీ చెప్పకుండా అత్తగారి బాత్రూమ్‌లో పెట్టాడు. మర్నాడు మామగారు దాన్ని పట్టుకుని హాల్లోకొచ్చి, అందరి ముందూ నాకి, "ఫ్యాక్టరీ సరుకు. అయినా పనికొస్తుంది," అన్నారు.

అత్తగారు అల్లుణ్ని చూశారు, భర్తను చూశారు. రాయి అందుకుని, కొంగుతో తుడిచి, లోపలికెళ్లి, భోజనంలో ఆయనకి ఆవకాయ రెండోసారి వడ్డించారు.