దక్షిణామూర్తి గారి ఎర్ర ట్యాగులు

అమెరికాలోని నోవై ఊళ్లో దక్షిణామూర్తి గారి చేతిలో రిజెక్ట్ కాని తెలుగువాడు లేడు. మనుషుల సంగతి అటుంచండి, వస్తువులకూ మినహాయింపు లేదు. ఆయన జీవితమంతా డెట్రాయిట్ పక్కన ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. రిటైరైన రోజు మిగతావాళ్లు గడియారాలు తెచ్చుకుంటే, ఈయన పెట్టెడు ఎర్ర ట్యాగులు తెచ్చుకున్నారు. పనికిరాని భాగానికి తాడుతో కట్టే అట్టముక్కలవి. పైన ‘రిజెక్టెడ్’ అనీ, కింద ‘కారణం’ అనీ అచ్చేసి, రాయడానికి కాస్త జాగా వదిలేసి ఉంటుంది.

ఇంట్లో కుక్కర్‌కి ఒకటి వేలాడుతుండేది. కారణం: మూడో కూత ఆలస్యం. మంచు ఊడ్చే మెషీన్‌కి ఇంకొకటి. కారణం: పనికంటే చప్పుడు ఎక్కువ. ఒకసారి గుళ్లో పులిహోర గంగాళానికి కూడా కట్టి వచ్చారు, పులుపంతా ఒక పక్కకే చేరిందని. పూజారి గారికి ఒళ్లు మండింది గానీ, ఆ తర్వాతి శనివారం పులిహోర రెండుసార్లు కలిపారు.

ఎవరైనా నొచ్చుకుంటే ఆయన ఫ్యాక్టరీ రూలు చెప్పేవారు. కారణం రాయకుండా దేన్నీ పక్కన పెట్టకూడదు. రాస్తే బాగుచేసేవాడికి దారి దొరుకుతుంది, రాయకపోతే అది చెత్తబుట్ట పాలవుతుంది. తన సర్వీసంతటిలో ఒక్క తప్పుడు కారణం కూడా రాయలేదని ఆయన గొప్ప.

హన్మకొండ అమ్మాయి భవిత మెకానికల్‌లో ఎం.ఎస్. ముగించి, దక్షిణామూర్తి గారి ఇంటి బేస్‌మెంట్‌లో గది అద్దెకు అడగడానికి వెళ్లినప్పుడు ఆమెకు ఇవేవీ తెలియవు. సూట్‌కేసు గుమ్మంలోనే ఆపించి, నీ గురించి చెప్పమన్నారు పెద్దాయన. భవిత యూనివర్సిటీలో నేర్పినట్టే, తనకు నేర్చుకోవాలన్న తపన ఉందనీ, నలుగురితో కలిసి పనిచేయగలననీ గడగడా అప్పజెప్పింది. ఆయన శ్రద్ధగా విని, సూట్‌కేసు పిడికి ట్యాగు కట్టారు. కారణం: ఇంతసేపు చెప్పినదాంట్లో ఈ అమ్మాయి ఎక్కడా లేదు.

భవిత వెనక్కి తిరగబోతుంటే ఆయన భార్య వసుమతి గారు వచ్చి తాళంచెవి చేతిలో పెట్టారు. “లోపలికి రామ్మా. నన్నూ పెళ్లిచూపుల్లో రిజెక్టే చేశారు, పాట సగంలో ఆపేశానని,” అన్నారు.

ఇక ఉద్యోగం వేట. చదువయ్యాక విదేశీ విద్యార్థులకు పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. అది మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం తొంభై రోజులు ఉండొచ్చు, దాటితే మూటాముల్లె సర్దుకోవాలి. ఉద్యోగం ఇవ్వాల్సినవాళ్లకు మాత్రం ఏ గడువూ లేదు. భవితకు ఆ తొంభైలో సగం పైగా కరిగిపోయాయి. జాబ్ ఫెయిర్‌కి వెళ్లి కోటు వేసుకుని పొద్దుటి నుంచీ లైన్లో నిలబడితే, ఒక కంపెనీ పిల్ల చిరునవ్వు నవ్వి, వెబ్‌సైట్‌లో అప్లై చేసుకోమని, ఒత్తిడిగా ఉన్నప్పుడు పిసుక్కోవడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చి పంపింది. వెబ్‌సైట్‌లో చివరి ప్రశ్న ఒకటుంటుంది, ఇప్పుడు గానీ ముందు ముందు గానీ కంపెనీ మీ వీసా ఖర్చూ పూచీ మోయాలా, అంటే స్పాన్సర్ చేయాలా అని. నిజాయితీగా అవునని నొక్కితే, టీ మరిగేలోపు మెయిల్ వచ్చేది. ‘ఎంతో జాగ్రత్తగా పరిశీలించాం’ అని అందులో ఉండేది. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా రాయరు. దేవుడికి పెట్టుకున్న మొక్కుకైనా ఎప్పుడో ఒక జవాబు వస్తుందని ఎదురుచూస్తాం, వీళ్ల దగ్గర ఆ ఆశ కూడా లేదు.

రాత్రి భోజనాల దగ్గర దక్షిణామూర్తి గారు రోజూ అడిగేవారు, ఇవాళ ఎవరు ఏమన్నారని. భవిత ఎవరూ ఏమీ అనలేదనేది. ఏమీ అనకపోవడమేమిటని ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, ఏ కంపెనీ, ఏ ఊరు, ఎప్పుడు అప్లై చేశావని ఆరా తీసేవారు. పుండు మీద కారం చల్లినట్టుండేది ఆ పిల్లకి. రెండు మూడు రోజులకోసారి ఆమె రెజ్యూమెకి కొత్త ట్యాగు కట్టేవారు. కారణం: బ్రేకుల ల్యాబులో చేసిన పని అడుగున దాచుకున్నావు. కారణం: ప్రాజెక్టు పేరు ఉంది, అందులో నువ్వేం చేశావో లేదు. భవిత పళ్లు నూరుకుంటూనే దిద్దుకునేది. రిటైరైన మనిషికి ఇప్పటి కంపెనీల రుచులు ఇంత కచ్చితంగా ఎలా తెలుసని మాత్రం అనుకోలేదు.

చివరికి ఒక పెద్ద కంపెనీ నుంచి ఫోన్ ఇంటర్వ్యూ వచ్చింది. బాగానే సాగింది. ముగిసే ముందు ఆ రిక్రూటర్ గొంతు తగ్గించి, ‘క్వాలిటీ నుంచి మూర్తి’ అని ఒక పెద్దమనిషి వారంవారం ఫోన్ చేసి మీ అప్లికేషన్ ఏమైందని అడుగుతున్నాడు, మీకేమవుతాడని అడిగింది. తమ కంపెనీ క్వాలిటీ విభాగం వాడనుకుని మొదట్లో భయపడి జవాబు చెప్పారట కూడా. భవిత ఏదో చెప్పి తప్పించుకుంది. మర్నాడే మెయిల్ వచ్చింది. ఎంతో జాగ్రత్తగా పరిశీలించారు.

ఈ దేశంలో పిల్లల ఉద్యోగం గురించి పెద్దవాళ్లు ఫోన్ చేయడమంటే తల తీసేసినంత పని. భవిత మెట్లెక్కి నేరుగా ఆయన ముందు నిలబడింది.

“అంకుల్, కంపెనీలకు మీరు ఫోన్లు చేస్తున్నరా?”

“చేస్తున్నాను. నెల దాటినా ఉలకని పలకని వాళ్లకే. వద్దంటే వద్దని చెప్పమన్నాను, ఎందుకు వద్దో చెప్పమన్నాను. ఉద్యోగం ఇమ్మని ఎవర్నీ అడగలేదు.”

“ఇక్కడ అట్ల చెయ్యరు అంకుల్. నా పేరు ఖరాబైంది.”

“ఒక నట్టును పక్కన పెట్టినా కారణం రాశాను నేను. నిన్ను పక్కన పెట్టినవాడికి ఆ మాత్రం తీరిక లేదా?” అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

భవిత ఏడవలేదు, అంత కోపంలో ఏడుపు రాదు. కిందికి వెళ్లి జెర్సీ సిటీలో ఉన్న క్లాస్‌మేట్ తేజేశ్వర్‌కి ఫోన్ చేసి వస్తున్నానంది. వాడు ఉద్యోగాలు ఇప్పించే ఒక కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో పదిమందితో ఉంటున్నాడు. వాడికి సంతోషమేసింది. ఏడేళ్ల అనుభవంతో రెజ్యూమె వాళ్లే తయారుచేసి ఇస్తారనీ, ఆమె ఇంటర్ చదివే రోజుల్లో ఒక బ్యాంకులో సీనియర్ ఇంజినీరుగా చేసినట్టు గుర్తుపెట్టుకుంటే చాలనీ చెప్పాడు. నిజం చెప్పినందుకు ఒక్కడూ పలకని ఊళ్లో అబద్ధానికి ఇల్లూ వాకిలీ సిద్ధంగా ఉన్నాయి. భవిత సూట్‌కేసు తెరిచింది.

వసుమతి గారు వచ్చి మంచం అంచున కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన టై కట్టుకుని మరీ ఫోన్ దగ్గర కూర్చుంటారని చెప్పారు. ఈ గదిలో ఉండి వెళ్లిన పిల్లలందరి కోసమూ ఇలాగే చేశారట. చాలామంది పెట్టేస్తారు, కొందరు తిడతారు. ఎవరో ఒకరు విసుగెత్తి అసలు సంగతి చెబుతారు.

“ఆ చెప్పిందే నీకు ట్యాగు మీద రాసిస్తారు. వాళ్ల మాట అని చెబితే పిల్ల నొచ్చుకుంటుంది, నేనన్నానంటే నన్ను తిట్టుకుని ఊరుకుంటుంది అంటారు,” అన్నారావిడ.

భవిత చీర మడతపెడుతూ ఆగిపోయింది. బ్రేకుల ల్యాబు పైకి తెమ్మన్న ట్యాగు గుర్తొచ్చింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, ఆ పెద్ద ఉద్యోగం పోయినమాట నిజమే కదా.

జెర్సీ సిటీ బస్సెక్కడానికి ముందురోజు గ్రాండ్ రాపిడ్స్ దగ్గరి ఒక చిన్న బ్రేకుల టెస్టింగ్ షాపు నుంచి వీడియో కాల్ వచ్చింది. మేనేజరు డెబ్రా అనే నడివయసు మనిషి, వెనకాల ఏదో మెషీన్ మోగుతోంది. మూర్తి మీకేమవుతారని ఆవిడా అడిగింది. భవిత ఇక దాచదలచుకోలేదు, మా ఇంటి ఓనరంది.

డెబ్రా నవ్వలేదు. మీ అప్లికేషన్ నేను తెరవను కూడా లేదు, స్పాన్సర్‌షిప్ కావాలన్నవన్నీ కంప్యూటరే పక్కన పెట్టేస్తుంది అని ఒప్పుకుంది. ఆ మనిషి నాలుగోసారి ఫోన్ చేసేసరికి విసుగొచ్చి, ఏదో ఒక కారణం చెప్పి వదిలించుకుందామని తీసి చదివిందట.

“మిమ్మల్ని రిజెక్ట్ చేయడానికి కారణం వెతికాను. దొరకలేదు,” అంది డెబ్రా.

ఉద్యోగం ఇచ్చింది. అదేమీ ఆకాశం నుంచి ఊడిపడినది కాదు. నూనె వాసన కొట్టే షెడ్డు, వచ్చే వసంతంలో వీసాకి పేర్లు తీసే లాటరీ, తగలకపోతే మళ్లీ మొదటికే. అయినా గడువు ఆగింది. భవిత మెట్లెక్కి చెబితే దక్షిణామూర్తి గారు మెడకున్న టై వదులు చేసుకుని, ఆ షాపువాళ్లు బ్రేకులు ఎంత వేడి దగ్గర పరీక్షిస్తారని అడిగారు. ఆవిడ అడగలేదు, మీరే ఫోన్ చేసి కనుక్కోండి అంకుల్ అంది భవిత. వసుమతి గారు పడీపడీ నవ్వారు.

బయల్దేరే రోజు గరాజ్‌లో సూట్‌కేసు పిడికి కొత్త ఎర్ర ట్యాగు కనిపించింది. కారణం: ఒక చక్రం వదులు, దూరాభారానికి పనికిరాదు. వీలైన ఆదివారం ఇక్కడికి తెస్తే సరిచేస్తాను.

పెద్దాయన కారు అద్దం తుడుస్తూ అటు తిరిగి నిలబడ్డారు. భవిత సూట్‌కేసును గరాజ్‌లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిపి చూసింది. నాలుగు చక్రాలూ బ్రహ్మాండంగా తిరిగాయి. ట్యాగు ముడి ఇంకొంచెం బిగించి, సూట్‌కేసు డిక్కీలో పెట్టింది.